అభయారణ్యం గీత దాటితే..?

పులి నుంచి కలివికోడి దాకా.. రాయలసీమ రక్షిత అరణ్యాల తీరు

రాయలసీమ పేరు చెప్పగానే ఎండిన చెరువులు, బీడు భూములు, వలస పోయే కూలీలు గుర్తుకు రావడం సహజం. అదే సీమలో పెద్దపులులు సంచరించే నల్లమల ఉంది. లోకంలో మరెక్కడా ఉనికి తేలని కలివికోడి కడప జిల్లా ముళ్లపొదల్లోనే బయటపడింది. శేషాచలం కొండల్లో ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది. చిత్తూరు జిల్లా సరిహద్దుల్లో రాష్ట్రంలోనే ఏనుగుల కోసం ఏర్పడిన ఏకైక అభయారణ్యం ఉంది. వర్షపాతం తక్కువైన ప్రాంతంలో ఇంతటి జీవవైవిధ్యం ఉండటం కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. నిజానికి గడ్డిమైదానం, ముళ్లపొద, ఆకురాల్చే అడవి, కొండకోన పక్కపక్కనే ఉండటం వల్లనే ఇన్ని రకాల జీవులు ఇక్కడ నిలిచాయి.

సీమలోని రక్షిత అరణ్యాలను వరుసగా గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వీటిలో ముఖ్యమైనవి దాదాపు ఒక్కొక్కటీ ఒక్కో ప్రాణిని దృష్టిలో పెట్టుకుని ప్రకటించినవే. నల్లమల పులికి, రోళ్లపాడు బట్టమేక పక్షికి, లంకమల కలివికోడికి, కౌండిన్య ఏనుగుకు. ప్రకటన వెలువడి మూడు, నాలుగు దశాబ్దాలు గడిచాయి. పులి నిలదొక్కుకుంది. బట్టమేక పక్షి దాదాపు కనుమరుగైంది. కలివికోడి ఉందో లేదో ఏళ్ల తరబడి తేలలేదు. ఏనుగు తన హద్దులో ఉండటమే లేదు. ఒకే చట్టం, ఒకే శాఖ పర్యవేక్షణలో ఉన్నా ఫలితాలు ఇంత వేర్వేరుగా ఉండటానికి కారణం చాలావరకు సరిహద్దు రాళ్లకు అవతలే కనిపిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

జాతీయ పార్కు, అభయారణ్యం, పులుల సంరక్షణ కేంద్రం అనే మాటలను ఒకే అర్థంలో వాడటం పరిపాటి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇవి వేర్వేరు. అభయారణ్యంలో చుట్టుపక్కల ప్రజలకు అప్పటికే ఉన్న హక్కులపై కలెక్టరు విచారణ జరుపుతారు. కొన్ని హక్కులను కొనసాగించే వీలుంది. పశువుల మేతను పూర్తిగా నిషేధించకుండా నియంత్రించవచ్చు. జాతీయ పార్కులో అటువంటి వెసులుబాటు లేదు. హక్కులన్నీ పరిష్కారమై, భూమి ప్రభుత్వానికి దఖలు పడిన తర్వాతే తుది ప్రకటన వెలువడాలి. మేతకు అనుమతి ఉండదు. ఈ రెండింటిలో దేని సరిహద్దు మార్చాలన్నా జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు తప్పనిసరి.

పులుల సంరక్షణ కేంద్రం వీటిపై అదనపు పొర వంటిది. 2006లో చట్టాన్ని సవరించినప్పుడు దీనికి ప్రత్యేక ప్రతిపత్తి వచ్చింది. పులులకు మాత్రమే కేటాయించిన లోపలి భాగాన్ని కోర్‌ అని, మనుషులూ వన్యప్రాణులూ కలిసి బతకవలసిన చుట్టుపట్టును బఫర్‌ అని అంటారు. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం గిరిజనుల హక్కులను గుర్తించింది. నల్లమలలోని చెంచు గూడేల విషయంలో ఈ రెండు చట్టాలనూ కలిపి చదవవలసి ఉంటుంది.

జాతీయ పార్కు అన్న పేరు వింటే విశాలమైన అడవే మనసులో మెదులుతుంది. ప్రొద్దుటూరు సమీపంలో పెన్న ఒడ్డున 2005లో ప్రకటించిన రామేశ్వరం రాజీవ్‌గాంధీ జాతీయ పార్కు విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లే. అభయారణ్యంగానే ఉన్న లంకమల సుమారు 464 చదరపు కిలోమీటర్లు. హోదాను బట్టి అడవి విలువ కట్టడం కుదరదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నల్లమల: పులి నిలిచిన చోటు

కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన నాగార్జునసాగర్‌-శ్రీశైలం అరణ్యాన్ని 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఉమ్మడి రాష్ట్రంలో దీని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలో అన్నింటికన్నా పెద్దదిగా అప్పట్లో దీనికి పేరుండేది. 2014లో రాష్ట్ర విభజనతో నదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణకు వెళ్లి అమ్రాబాద్‌ పులుల కేంద్రంగా మారింది. దక్షిణాన ఆత్మకూరు, నంద్యాల, మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్ల పరిధిలోని అడవి, 1990లో ప్రకటించిన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంతో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది.

ఇక్కడి పులుల లెక్క సాఫీగా పెరుగుతూ రాలేదు. దేశవ్యాప్తంగా కెమెరాల సాయంతో కొత్త పద్ధతిలో గణన మొదలైన 2006లో ఉమ్మడి రాష్ట్రంలో 95 పులులు ఉన్నట్లు అంచనా. 2010లో ఆ సంఖ్య 72కు, 2014లో 68కి తగ్గింది. విభజన తర్వాత 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 48, తెలంగాణలో 26 నమోదయ్యాయి. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌ 63కు చేరగా, తెలంగాణ 21 వద్ద ఆగింది. పులి చారలు మనిషి వేలిముద్రల వంటివి. ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. దారికి రెండువైపులా అమర్చిన కెమెరాలలో పడిన చిత్రాలను పోల్చి ఒక్కో పులినీ విడిగా గుర్తిస్తారు. పూర్వం పాదముద్రలను బట్టి లెక్కించేవారు. ఆ పద్ధతిలో ఒకే పులిని రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉండేది. అందువల్ల 2006కు ముందరి అంకెలను తర్వాతి వాటితో పోల్చి పెరిగాయని గాని, తగ్గాయని గాని చెప్పడం సరికాదు.

పులి నిలవడానికి ప్రధాన కారణం అడవి వైశాల్యమే. దుప్పి, కణితి, అడవిపంది వంటి ఆహారం దొరికితే ఈ జంతువుకు మనిషి సాయం పెద్దగా అక్కరలేదు. తీవ్రవాద కార్యకలాపాల కారణంగా ఏళ్ల తరబడి అటవీ సిబ్బంది లోపలికి వెళ్లలేని పరిస్థితి ఉండేది. 2000 దశకం రెండో భాగంలో ఆ పరిస్థితి సడలడంతో బేస్‌క్యాంపులు వెలిశాయి. వాటిలో కాపలా కాసేవారిలో చెంచులే ఎక్కువ. అడుగుజాడను బట్టి ఏ జంతువు ఏ వేళ ఎటు వెళ్లిందో చెప్పగల నేర్పు వారిది. నల్లమలలో పులి సంరక్షణ గురించి ఎవరు ఏ నివేదిక రాసినా ఈ కాపలాదారుల పేరు ముందు వరుసలో ఉండాలి. సాధారణంగా అది చివరి పేజీలకు పరిమితమవుతోంది.

పులికి ఇబ్బంది లేదని దీని అర్థం కాదు. శ్రీశైలం వెళ్లే ఘాట్‌ రోడ్డు కోర్‌ ప్రాంతాన్ని చీల్చుకుంటూ పోతుంది. దోర్నాల-శ్రీశైలం మార్గంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను నిలిపివేయడం అందుకే. ఈ నిబంధనపై యాత్రికులు అసహనం వ్యక్తం చేయడం తరచూ జరిగేదే. రాత్రివేళ రోడ్డు దాటే జంతువుకు వాహనం దీపాల వెలుగు కళ్లలో పడితే కదలకుండా నిలబడిపోతుంది. మలుపుల దారిలో డ్రైవరుకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. తరాల నాటి ఈ దారిని మూయడం సాధ్యమయ్యే పని కాదు. మూయాలని కోరేవారూ లేరు. వదిలి వెళ్లే ప్లాస్టిక్‌ సంచులు, పొయ్యిల్లో ఆరకుండా మిగిలే నిప్పు మాత్రం వేసవి ముంగిట అడవికి అసలైన ముప్పు.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం గ్రామ సమీపంలో నాలుగు పులికూనలు కనిపించిన ఉదంతం రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. గ్రామస్థులు వాటికి హాని తలపెట్టకుండా కాపాడి అటవీ శాఖకు అప్పగించారు. తల్లి చెంతకు చేర్చేందుకు అధికారులు కెమెరాలు పెట్టి రాత్రింబవళ్లు గాలించారు. ఫలితం లేకపోవడంతో కూనలను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చింది. పులుల కేంద్రం అంచున పులికీ పల్లెకూ మధ్య దూరం ఎంత స్వల్పమో ఈ ఘటన తెలిపింది. ఆ పల్లె ఓర్పును సైతం అది చాటింది.

రోళ్లపాడు: కంచె కట్టినా దక్కని పక్షి

నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్లపాడు కథ వేరు. ఇక్కడ అడవి లేదు. ఉన్నది గడ్డిమైదానం. రెవెన్యూ రికార్డుల భాషలో చెప్పాలంటే బీడు. బట్టమేక పక్షికి కావలసింది సరిగ్గా అదే. మగపక్షి బరువు 15 కిలోల దాకా ఉంటుంది. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. నేలమీదే ఒకే ఒక గుడ్డు పెడుతుంది. నక్క, కుక్క, మేతకు వచ్చిన పశువు, ఏది అటు వచ్చినా ఆ ఏటి సంతానం పోయినట్లే. 1980లలో ఈ ప్రాంతంలో పక్షి ఉనికి వెలుగులోకి రావడంతో 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల భూమిని అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ కందకం తవ్వి, గట్టు పోసి, మేతను ఆపివేశారు.

మొదట్లో పక్షులు వృద్ధి చెందాయి. తర్వాత ఎవరూ ఊహించనివి రెండు జరిగాయి. మేత ఆగడంతో గడ్డి ఏపుగా పెరిగింది. ఎత్తయిన గడ్డిలో శత్రువు రాక కనబడదు కనుక బట్టమేక పక్షి అటువంటి చోట నిలవదు. దానికి మోకాలి ఎత్తు గడ్డి, మధ్యమధ్య ఖాళీ నేల కావాలి. ఇక రక్షణ దొరకడంతో కృష్ణజింకలు వందల్లోకి పెరిగాయి. ఇవి కందకాలు దాటి చుట్టుపక్కల చేలలో పడసాగాయి. పంట పోగొట్టుకున్న రైతులకు జింక మీద వచ్చిన కోపం అభయారణ్యం మీదకు, అక్కడి నుంచి ఏ పాపమూ ఎరుగని పక్షి మీదకు మళ్లింది.

పక్షి అభయారణ్యంలోనే ఉండిపోయేది కూడా కాదు. ఆరు చదరపు కిలోమీటర్లు దానికి ఏ మూలకు? చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ చేలలో మిడతలు, పురుగులు, రాలిన గింజలు ఏరుకుని తినేది. సాగునీరు రావడంతో ఆ చేలు పత్తి, పొద్దుతిరుగుడు వంటి వాణిజ్య పంటలకు మారాయి. పురుగుమందుల వాడకం పెరిగింది. బీడు భూములు ఒక్కొక్కటిగా సాగులోకి వచ్చాయి. రైతు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు. కరవు సీమలో కాలువ నీరు వస్తే పంట మార్చుకోని వారెవరు? పక్షి బతుకు పైరు మీద ఆధారపడి ఉందన్న విషయం గుర్తించి, పాత పంటలు వేసేవారికి పరిహారమో ప్రోత్సాహకమో ఇచ్చే ఏర్పాటు సకాలంలో జరగకపోవడమే అసలు లోపం.

ప్రస్తుతం రోళ్లపాడులో బట్టమేక పక్షి స్థిరంగా నివసిస్తున్న దాఖలాలు లేవు. కృష్ణజింకలు మాత్రం ఉన్నాయి. దేశం మొత్తం మీద మిగిలిన పక్షులు సుమారు 150 అని అంచనా. అత్యధికం రాజస్థాన్‌లోని జైసల్మేర్‌ ప్రాంతంలోనివే. అక్కడా గండం తప్పలేదు. ముందువైపు చూపు తక్కువగా ఉండే ఈ బరువైన పక్షి కరెంటు తీగలను చివరి క్షణం వరకు గమనించదు. తీగలను భూగర్భంలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘాన్ని నియమించింది. సౌర, పవన విద్యుత్తు కావాలి, పక్షీ కావాలి అన్నదే అక్కడి పీటముడి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనూ గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌర విద్యుత్‌ పార్కు 2017లో పూర్తయింది. ఖాళీ భూమిని ‘వ్యర్థ భూమి’గా లెక్కించే అలవాటు ఉన్నంతకాలం గడ్డిమైదానపు జీవులకు చోటు దొరకడం కష్టమే.

లంకమల: చీకట్లో ఒక కూత

కలివి పొదల్లో తిరుగుతుంది కనుక దానికి కలివికోడి అని పేరు. 19వ శతాబ్దంలో థామస్‌ జెర్డన్‌ అనే ఆంగ్లేయ వైద్యుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పెన్న, గోదావరి లోయల్లో కొద్దిచోట్ల కనిపించిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అందరూ నమ్మారు. పగలు పొదల నీడలో కదలకుండా ఉండి రాత్రిపూట మేతకు బయలుదేరే దాని అలవాటు శాస్త్రవేత్తలకు తెలియకపోవడం ఇందుకు ఒక కారణం. 1986 జనవరిలో బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్‌ భూషణ్‌ లంకమల కొండల అంచున రెడ్డిపల్లె సమీపంలో దీనిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పక్షిని మొదట పట్టుకున్నది చదువు ఎరుగని స్థానిక వేటగాడు. 86 ఏళ్లపాటు పుస్తకాల్లో లేని పక్షికి ఊళ్లో పేరు ఉండనే ఉంది. కలివికోడి అంటే ఏదో ఆ చుట్టుపక్కల పశువుల కాపరులకు తెలుసు. ఎవరూ వారిని అడగలేదు, అంతే.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినా పక్షి గురించి తెలిసింది అతి స్వల్పం. పరిశోధకులు పొదల మధ్య ఇసుక పరిచి, తెల్లవారి వచ్చి పాదముద్రల కోసం వెతికేవారు. తర్వాత దాని కూతను గుర్తించి, రికార్డు చేసి, సంధ్యవేళ వినిపించి బదులు వస్తుందేమోనని ఎదురుచూసే పద్ధతి అనుసరించారు. దానికి కావలసిన చోటు ఎటువంటిదో దీనివల్ల తేలింది. మరీ చిక్కని పొదలు ఉండకూడదు, మరీ బోడి నేల కాకూడదు. పరిమితంగా మేకలు, గొర్రెలు మేసి, వంటచెరకు కోసం కొమ్మలు నరికే చోటే అటువంటి పలచని పొదలు నిలుస్తాయి. మనిషిని పూర్తిగా తరిమితే పొదలు కమ్ముకుంటాయి. హద్దు లేకుండా వదిలితే నేల బోడిదవుతుంది. రోళ్లపాడులో గడ్డి విషయంలో నేర్చుకున్న పాఠమే ఇక్కడ పొదల విషయంలోనూ వర్తిస్తుంది.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి తిరిగే పొదల మీదకు వచ్చింది. యంత్రాలతో పొదలను తొలగించిన తర్వాత గాని విషయం బయటపడలేదు. శాస్త్రవేత్తల అభ్యంతరాలతో వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన సంఘం వరకు వెళ్లి, చివరకు కాలువ దారి మళ్లించారు. తాగునీటికి, సాగునీటికి తహతహలాడే ప్రాంతంలో ఒక పిట్ట కోసం కాలువను మళ్లించడం చిన్న నిర్ణయం కాదు. దానిపై అప్పట్లో విమర్శలూ వచ్చాయి. అదే సమయంలో, అభయారణ్యం గీతకు బయట ఉన్న పొదల్లో సైతం పక్షి ఉందన్న నిజాన్ని ప్రభుత్వం ఒప్పుకున్న తొలి సందర్భం అది.

ఆ తర్వాత దశాబ్దానికి పైగా కలివికోడి జాడ లేదు. రెండోసారి అంతరించిందన్న అనుమానాలు బలపడ్డాయి. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి రాష్ట్రంలో దాని కూతను రికార్డు చేసినట్లు ప్రకటించడంతో మళ్లీ ఆశలు చిగురించాయి. ఇటువంటి చోట్లను బహిరంగంగా వెల్లడించకపోవడమే మేలు. దీపాలు, కెమెరాలతో జనం ఎగబడితే మిగిలిన కొద్ది పక్షులూ చెదిరిపోయే ప్రమాదం ఉంది.

కౌండిన్య: హద్దు ఎరుగని ఏనుగు

చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో తరతరాలుగా ఏనుగు లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు రావడం ప్రారంభమైంది. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. దీని ఆకారంలోనే చిక్కు ఉంది. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఎటు చూసినా పల్లెలు, పొలాలు, మామిడి తోటలు. ఎదిగిన ఏనుగుకు రోజుకు 150 కిలోల వరకు మేత కావాలి. వేసవిలో గుంటలు ఎండగానే అది చెరకు, వరి, అరటి తోటల్లోకి దిగుతుంది. ఒక్క రాత్రిలో ఎకరం పంట నేలమట్టమైన రైతుకు వన్యప్రాణి సంరక్షణ గురించి చెప్పబోయే అధికారి పరిస్థితి ఊహించుకోవచ్చు.

కందకాలు తవ్వారు. సౌర విద్యుత్‌ కంచెలు వేశారు. ఏనుగులు గట్టు తన్ని కందకం పూడ్చి దాటడం, చెట్టు కొమ్మను కంచె మీద పడేసి దారి చేసుకోవడం పరిపాటిగా మారింది. సౌర కంచె ఇచ్చేది చురుకైన తాకిడి మాత్రమే, ప్రాణం తీయదు. అడవిపందుల కోసమని పొలాల చుట్టూ నేరుగా కరెంటు పారించే తీగలు మాత్రం ప్రాణాలు తీస్తున్నాయి. ఏనుగుతోపాటు, చీకట్లో నీరు పెట్టడానికి వెళ్లిన మనుషులూ వీటికి బలవుతున్నారు. అలా తీగలు వేయడం నేరం. పంట నష్టపోయినవారు అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు చేసుకుంటే సిబ్బంది పరిశీలించి పరిహారానికి ప్రతిపాదిస్తారు. ఏనుగు తొక్కిన ఆనవాళ్లు చెరిగిపోకముందే ఫొటోలు తీసి ఉంచుకోవడం, ఆలస్యం చేయకుండా సమాచారం ఇవ్వడం అవసరం.

2025 మేలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పొలాల్లోకి వచ్చిన అడవి ఏనుగులను ఇవి మావటీల అదుపులో వెనక్కు మళ్లిస్తాయి. ఊరికి ఇది తక్షణ ఉపశమనమే. మళ్లించిన ఏనుగు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న అలాగే ఉంది. కొన్ని గుంపులు ఇప్పటికే కౌండిన్యను వదిలి ఉత్తరాన శేషాచలం వైపు సాగాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అడవి దారిన తలకోనకు నడిచి వెళ్తున్న భక్తులపై గుండాలకోన సమీపంలో ఏనుగులు దాడి చేయడంతో ముగ్గురు మరణించారు. ఇరవై ఏళ్ల కిందట ఆ దారిలో ఏనుగు గురించి హెచ్చరించవలసిన పని ఉండేది కాదు.

శేషాచలం: భక్తులు, చిరుతలు, దుంగలు

1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు సుమారు 353 చదరపు కిలోమీటర్లు. తలకోన జలపాతం దీని పరిధిలోనిదే. 2010లో ఈ కొండలను చుట్టుపక్కల అడవులతో కలిపి శేషాచలం జీవావరణ కేంద్రంగా గుర్తించారు. ఎర్రచందనం, తంబజాలారి, తెల్లకరక వంటి వృక్షాలు, బంగారు బల్లి, దేవాంగపిల్లి వంటి జీవులు ఇక్కడి ప్రత్యేకత. పార్కు నడుమ ఏటా కోట్లమంది దర్శించే క్షేత్రం ఉండటం దేశంలో మరే పార్కుకూ అంతగా లేని పరిస్థితి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలికను చిరుత పొట్టన పెట్టుకోవడంతో కంచె వేయాలన్న డిమాండు వచ్చింది. కొన్ని చిరుతలను బోన్లలో పట్టారు. పిల్లలతో వెళ్లేవారికి సమయ నియంత్రణ విధించి, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. దారి పొడవునా తినుబండారాల వ్యర్థాలు, వాటి కోసం చేరే కుక్కలు, పందులు, వాటి కోసం వచ్చే చిరుత. ఈ గొలుసులో మొదటి కొక్కెం మనిషి చేతిలో ఉంది.

ఎర్రచందనం మరో భారం. విదేశాల్లో దుంగకు పలికే ధర కారణంగా అటవీ సిబ్బంది సమయంలో సింహభాగం నరికివేతను అడ్డుకోవడానికే సరిపోతోంది. 2015 ఏప్రిల్‌ 7న ఇక్కడ జరిగిన కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించడం జాతీయ స్థాయిలో వివాదమైంది. చెట్టు కోసం కాపలా కాసేవారికి జంతువును గమనించే తీరిక చిక్కడం లేదు.

కొండలన్నీ కలిసే దారి

నల్లమల నుంచి శేషాచలం వరకు పటంలో వేలు పెట్టి చూస్తే అడవి పూర్తిగా తెగిపోలేదు. నల్లమల దక్షిణపు కొస నుంచి లంకమల, అక్కడి నుంచి కడప, నెల్లూరు జిల్లాల సరిహద్దులో 1997లో ప్రకటించిన పెనుశిల నరసింహ అభయారణ్యం, వెలిగొండలు, పెన్నకు దక్షిణాన పాలకొండలు, ఆపై శేషాచలం. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ గుర్తించిన కారిడార్లలో నాగార్జునసాగర్‌-శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు మార్గం కూడా ఉంది. నల్లమలలో పులులు పెరిగినకొద్దీ పిల్ల పులులకు కొత్త చోటు కావాలి. మూసిన చోట ఎదిగిన పులులు పరస్పరం పోట్లాడుకుంటాయి. లేదంటే పశువుల మందల మీద పడతాయి.

ఈ దారికి అడ్డు ఒక్క పెన్న కాదు. వేసవిలో నది దాటడం జంతువుకు కష్టం కాదు. దాని ఒడ్డున పెరిగే పొలాలు, పల్లెలు, కడప-బద్వేలు రోడ్డు, చెయ్యేరు లోయ వెంట సాగే రైలుమార్గం ఒక్కొక్కటీ ఒక్కో గీత. ఓబులవారిపల్లె-వెంకటాచలం రైలుమార్గానికి వెలిగొండల్లో 6 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి 2019లో ప్రారంభించారు. కొండ ఎత్తు కారణంగానే ఆ సొరంగం అవసరమైంది. అయినా దాని మీది అడవి చెక్కుచెదరలేదు. రోడ్లను నాలుగు వరుసలకు విస్తరించే పనులు చేపట్టినప్పుడు కొండ కోసి వెళ్లడమా, కొన్ని చోట్ల వంతెన కింద జంతువులకు దారి వదలడమా అన్నది నక్షా గీసే దశలోనే తేలవలసిన విషయం. కారిడార్‌లో చాలా భాగం అభయారణ్యం కాదు, సాధారణ రిజర్వు అడవి. అక్కడ రోడ్డుకు, గనికి, కాలువకు అనుమతి ఇచ్చే పద్ధతి అభయారణ్యంలో ఉన్నంత కఠినంగా ఉండదు. పులి మాత్రం రెండింటిలోనూ ఒకేలా నడుస్తుంది.